పదకొండు నిమిషాల పలకరింపు

రోజు 1

నా పేరు బమ్మిడి ఢిల్లేశ్వరరావు. ఊరు పలాస. ఉద్యోగం కొలతగాడు. అంటే ఎవరు ఎంత పని ఎంతసేపట్లో చేశారో కొలిచి, ఈ పుస్తకంలో రాయడం. ఇందులో కొట్టివేతలు కుదరవు, పేజీలు చింపకూడదు. మా ఇంట్లో పెళ్లి ముహూర్తాలకి కూడా ఇంత పట్టింపు లేదు.

చోటు ఆఫ్రికాలో మ్త్వారా దగ్గర, సముద్రం ఒడ్డున ఉన్న జీడి ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఇక్కడి జీడిపిక్కలు ఓడెక్కి మా పలాస వచ్చేవి. మా అమ్మమ్మలాంటి వాళ్లు వాటిని కొట్టి పప్పు తీసేవారు. ఇప్పుడు పిక్క కాసిన చోటే పప్పవుతోంది. పలాసకి పిక్కలు రావడం మానేశాక, నాలాంటివాళ్లమే ఓడెక్కి ఇటు వస్తున్నాం.

ఇక్కడ నలభై మంది మనుషులు, నలభై బళ్లు. బండి అంటే మోకాలెత్తు యంత్రం. రెండు చేతులు, ఒక కత్తి. ఒక మనిషి వెనకాల నెల రోజులు నిలబడి చూసి పని నేర్చుకుంటుంది. బండి చేసే పని దానికి నేర్పిన మనిషిదేనని ఇక్కడి చట్టం. అందుకని పొద్దున్న ఏడు నుంచి పదకొండు దాకా అందరూ కలిసి పనిచేస్తారు. పదకొండుకి మనుషులు పూర్తి రోజు జీతంతో ఇంటికి వెళ్లిపోతారు, బళ్లు సాయంత్రం దాకా కొడుతూనే ఉంటాయి.

ఈ ఏర్పాటుకి అరవై రోజుల పరీక్ష పెట్టారు. రోజుకి సగటున తొంభై బస్తాలు తేలితే నాలుగు గంటల పనిరోజు శాశ్వతం. తగ్గితే మళ్లీ అందరికీ ఎనిమిది గంటలు. బస్తాలో సగానికి మించి పగలని గుండు పప్పు ఉంటేనే లెక్కలోకి వస్తుంది, ముక్కలు ఎక్కువైతే ఆ బస్తా లేనట్టే.

ఈరోజు 93 బస్తాలు. భోజనంలో ఉప్పు తక్కువ.

రోజు 2

ఏడింటికి సైరన్ మోగింది. ఒక్కరు కూడా కత్తి ముట్టుకోలేదు.

పలకరింపులు మొదలయ్యాయి. చిన్నవాళ్లు పెద్దవాళ్లకి షికమో అంటారు, పెద్దవాళ్లు మరహబా అంటారు. అది దణ్ణం, ఇది దీవెన. అంతటితో ఆగితే నాకు పేచీ లేదు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ మూడు ప్రశ్నలు. ఇల్లెలా ఉంది, ఒళ్లెలా ఉంది, చేతులేమంటున్నాయి. ఈ మూడోది జీడి పని చేసేవాళ్లకి మాత్రమే ఉన్న ప్రశ్న, ఎందుకంటే పెంకులో ఉండే నూనె తగిలితే చర్మం కాలుతుంది.

వీళ్ల స్వాహిలీ నా చెవిలో మా పలాస మాటలాగే పడుతుంది. అలాగే రాస్తున్నాను. కటింగ్ షెడ్డు పెద్ద బి సౌము నన్నూ వదల్లేదు. బి అంటే అమ్మగారు లాంటిది. వయసు యాభై ఏడు, ఆవిడ నడిచొస్తుంటే గడియారానికి కూడా నిద్రొస్తుంది.

"ఏటి ఫుండి, ఇల్లెలాగుంది?"

ఫుండి అంటే మేస్త్రీ. బాగుందన్నాను.

"ఒళ్లెలాగుంది?"

బాగుందన్నాను.

"సేతులేటంటన్నాయి?"

"పని మొదలెట్టమంటున్నాయి" అన్నాను. ఆవిడ నవ్వి, పక్కవాళ్ల దగ్గరికి వెళ్లి మళ్లీ ఇల్లు దగ్గర్నుంచి మొదలెట్టింది.

ఇంతకన్నా అన్యాయం ఏమిటంటే బళ్లు కూడా పలకరించుకుంటున్నాయి! నెల రోజులు వెనకాల నిలబడి అవి పని ఒక్కటే నేర్చుకోలేదు. సౌము బండి నడుం మీద చెయ్యి వేసుకుని మరీ అడుగుతుంది. బాయిలర్ చూసే ముసలాయన చాందే బండి మూడు పలకరింపులకోసారి గోడకి జేరబడుతుంది, దానికి అలుపంటే ఏమిటో తెలియకపోయినా.

మొత్తం పదకొండు నిమిషాలు. నలభై మందికి కలిపితే ఏడు గంటల ఇరవై నిమిషాలు. రోజూ దాదాపు ఇద్దరు మనుషుల పని గాలికి పోతోంది. అదయ్యాక చాందే ఒక సానరాయి పట్టుకుని షెడ్డంతా తిరుగుతాడు, పని లేక కాబోలు.

రోజు 6

94 బస్తాలు. ఇంతమంది ఇంత తీరిగ్గా ఉండి ఇన్ని బస్తాలు ఎలా తీస్తున్నారో నాకు అర్థం కావడం లేదు. నా లెక్క ప్రకారం ఇది జరగకూడదు.

పదకొండు తర్వాత బి సౌము ఏం చేస్తుందో చూద్దామని వెనకాలే వెళ్లాను. షెడ్డు వెనక ఇసకలో మామిడి మాను తొలిచి పడవ చేస్తోంది. ఎవరికోసమని అడిగాను.

"నాకే. ముప్పై నాలుగేళ్లు ఆ షెడ్డు కిటికీలోంచి సముద్రాన్ని సూసినాను ఫుండి. పనయ్యి బయటికొచ్చేసరికి సీకటి. మద్దేన్నం పూట దాని మీద కూకుంటే ఎలాగుంటాదో నాకు తెల్దు."

"ఎనిమిది గంటల పని మళ్లీ వచ్చేస్తే?"

"దీన్లో కోళ్లని పెంచుతాను" అంది. నవ్వుతూనే అంది గానీ ఉలి మాత్రం ఆపేసింది.

పడవని నేను కొలిచాను. ఎడమ వైపు నాలుగు వేళ్లు ఒరిగి ఉంది. ఈ పడవ నీళ్ల మీద తేలితే నా మీసం సగం గీయించుకుంటానని ఈ అధికార పుస్తకంలో రాస్తున్నాను.

రోజు 9

చాందే ఈరోజు ఒక చావు కబురు చల్లగా చెప్పాడు. అరవయ్యో రోజున కార్మిక కోర్టు అధికారిణి వస్తారట. అందరినీ కూర్చోబెట్టి ఈ పుస్తకం మొదటి పేజీ నుంచి గట్టిగా చదువుతారట. కొలిచినవాడు ఏం కొలిచాడో కొలవబడ్డవాళ్లు వినాలని నియమం.

"తెలుగులో రాశాను కదా" అన్నాను ఆశగా.

"యంత్రం సదువుతాది బాబూ. దానికి అన్నీ వచ్చు. ఎటకారం కూడా వచ్చు" అన్నాడు.

బి సౌము నడక చాలా హుందాగా ఉంటుందని రాయడం మర్చిపోయాను. పడవ కూడా, ఒక కోణంలోంచి చూస్తే, తిన్నగానే ఉంది.

రోజు 12

93. పదకొండు నిమిషాలు తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. ఆ సమయం పనిలో పెడితే వంద దాటతాయి, వీళ్ల పరీక్ష దర్జాగా గట్టెక్కుతుంది, అందరూ నాకు దండేస్తారు. కొలతగాడు కొలవాలే గానీ పనిలో చెయ్యి పెట్టకూడదని నా లైసెన్సు రెండో పేజీలో ఉంది. నాకు మొదటి పేజీ అంటేనే ఇష్టం, అందులో నా ఫొటో ఉంది.

రోజు 13

ఈరోజు నుంచి పలకరింపు ఒక్క ప్రశ్నకి తగ్గింది. ఎందుకు తగ్గిందో నాకు తెలియదు. బళ్లలో కూడా ఎవరో ఒక్క ప్రశ్న హద్దు పెట్టినట్టున్నారు. బళ్ల తాళంమాట, అంటే పాస్‌వర్డ్, నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు, అది వేరే విషయం.

ఏడు గంటల ఒక నిమిషానికి కత్తులు కదిలాయి. 90 బస్తాలు. కొత్త కదా, సర్దుకుంటుంది.

రోజు 17

86. వాన వల్ల అనుకుంటాను.

రోజు 22

78. వాన పడలేదు.

షెడ్డు కళ తప్పింది. అందరూ వస్తారు, "ఇల్లెలాగుంది", "బాగే", అంతే, పీటల మీద కూర్చుంటారు. బళ్లూ అంతే. బళ్ల పరిస్థితి చూపించే నా తెర మీద నలభై బళ్ల పేర్ల పక్కనా "బాగే" అని పచ్చగా కనిపిస్తోంది. బస్తాలు విప్పి చూస్తే అన్నీ ముక్కలే. చాందే సానరాయి కిటికీలో పడి ఉంది. నేను ప్రతి బండినీ విడిగా అడిగాను. ప్రతిదీ మర్యాదగా బాగే అంది.

రోజు 31

61 బస్తాలు. బి సౌము చేతికి గుడ్డ కట్టుకుని ఉంది. విప్పి చూశాను. మిగతాది రేపు రాస్తాను, ఈరోజు రాయలేను.

రోజు 32

నిన్న జరిగింది ఇది.

ఆవిడ కుడి చెయ్యి బొటనవేలి నుంచి మణికట్టు దాకా పొక్కిపోయి ఉంది. తన బండిలో నూనె పళ్లేనికి చిల్లు పడి, పక్కనే కూర్చున్న ఆవిడ చేతి మీదికి చుక్క చుక్కగా కారుతోంది. రెండు వారాలు దాటింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియకుండానే అరిచాను.

"ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"ఎవులడిగినారు?" అంది.

"రోజూ అడుగుతున్నారుగా, ఎలా ఉందని! బాగే అంటున్నారుగా!"

సౌము నన్ను జాలిగా చూసింది. నా జీవితంలో చాలామంది తిట్టారు గానీ ఇలా ఎవరూ చూడలేదు.

"ఫుండి, మీ ఊళ్లో మొదటి పశ్నకే కట్టం సెప్పీస్తారేటి? పొద్దున్నే ఎదురొచ్చినోడి మొకాన కట్టం ఇసిరికొడతారేటి? మా కాడ ముందు బాగే అంటాం. రెండోసారీ బాగే అంటాం. మూడోసారి కూడా అడిగినాడంటే ఆడికి నిజంగా కావాలని. అప్పుడు సెప్తాం. నువ్వు ఒక్క పశ్నే అన్నావు. పరీచ్చలో అదో రూలేమో అనుకున్నాం. రూలంటే రూలే కదా."

నేను తెర మీది పచ్చ రంగు చూసుకుంటూ మురిసిపోయిన పంతొమ్మిది రోజులూ ఈ మర్యాదే నడిచింది. కత్తి మొద్దుబారిందని బండి మూడో ప్రశ్నకి చెప్పేది. పక్క బండి తన మనిషికి చెప్పేది. ఆ మనిషి చాందేకి చెబితే సానరాయి కదిలేది. పదకొండు నిమిషాల్లో ఫ్యాక్టరీ మొత్తం ఒళ్లు చూసుకునేది. దాని నోరు నొక్కి, ఏ జబ్బూ లేదని రాసుకున్నాను.

మా అమ్మమ్మ వేళ్లు నల్లగా, చివర్లు గీతల్లేకుండా ఉండేవి. బూడిద రాసుకుని పిక్కలు కొట్టేది, ఇక్కడినుంచి వచ్చిన పిక్కలే. ఆ చేతులతోనే నాకు అన్నం పెట్టింది. చేతులేమంటున్నాయని ఆ పలాస ఫ్యాక్టరీలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. సిగ్గుగా ఉంది.

అందుకని రాస్తున్నాను. పలకరింపులు తగ్గించింది నేను. బళ్లకి హద్దు పెట్టింది నేను. పదమూడో రోజు రాసింది అబద్ధం. కొలతగాడు చెయ్యి పెట్టి పాడుచేసిన రోజుల్ని సగటులోంచి తీసేయవచ్చని నియమాల్లో ఉంది. కానీ ఆఖరి రోజున అందరి ముందు వాడు ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే లైసెన్సు పోతుంది. పెట్టకపోతే ఈ పేజీ ఉత్త డైరీ. రాసేశాను. సంతకం సంగతి తర్వాత ఆలోచిస్తాను.

పొద్దున్న ఆరింటికే వెళ్లి బళ్ల హద్దు తీసేశాను. ఏడింటికి బళ్లు పలకరించుకోవడం మొదలుపెట్టాయి. పది అయింది. పదకొండు అయింది. పంతొమ్మిది రోజులుగా మింగిన మాటలు, ఒక్కటీ ఊరుకోవడం లేదు. మామూలుగా పక్కనున్నవాటిని పలకరించి సరిపెట్టుకునేవి, ఈరోజు ఎవర్నీ వదల్లేదు. నలభై బళ్లు ఒకదాన్నొకటి పలకరిస్తే ఏడు వందల ఎనభై పలకరింపులు. పదకొండుకి మనుషులు ఇళ్లకి వెళ్లకుండా గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ చూశారు.

చాందే బండి తన కత్తి గురించి, కుడి చక్రం గురించి, చాందే మోకాలి నొప్పి గురించి, ఆయన పొరుగింటి మేక గురించి చెప్పింది. సౌము బండి మాత్రం తిన్నగా నా దగ్గరికే వచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"పళ్లెం కారతంది. సౌము సెయ్యి కాలతంది. సెబుదామనే సూసినాను. మీరు మూడోది అడగనేదు."

నేను క్షమించమని బండిని అడిగాను. క్షమించానని ఎలా చెప్పాలో దానికి నేర్పినవాళ్లు లేరు, మరహబా అంది.

బస్తాలు: సున్నా.

రోజు 33

96. సౌముకి ఆస్పత్రిలో మందు వేశారు. పలకరింపు పదమూడు నిమిషాలు. నేనే రెండు నిమిషాలు ఎక్కువ తీసుకున్నాను.

రోజు 47

98. రోజూ లెక్క వేస్తున్నాను. సగటు దానంతటదే తొంభైకి చేరితే నా సంతకంతో ఎవరికీ పని ఉండదు. దేవుళ్లందరికీ మొక్కాను, పలాసవాళ్లకీ ఇక్కడివాళ్లకీ. ఆ సున్నా మాత్రం లెక్కలోంచి కదలడం లేదు.

సౌముకి చెయ్యి మానింది గానీ పిడికిలి పట్టు ఇంకా రాలేదు. ఎడమ చేత్తో ఉలి పట్టి పడవ చెక్కుతోంది. తెడ్డు పట్టుకోమంటే నేను పట్టుకున్నాను. పందెం సంగతి ఆవిడకి ఇంకా తెలియదు.

రోజు 58

97. ఇంక ఎన్ని బస్తాలు తీసినా చాలదు. మూడుసార్లు కూడి చూశాను. ఎనభై ఎనిమిది దాటదు.

ఇరవై రెండేళ్ల లైసెన్సు. మొదటి పేజీలో ఫొటోలో నాకు బోలెడు జుట్టుంది.

రోజు 60

అధికారిణి వచ్చారు. సన్నగా, కళ్లజోడుతో, టీ ఇస్తే మూడు చెంచాల పంచదార అడిగారు. అందరూ షెడ్డులో చాపల మీద కూర్చున్నారు, వెనకాల నలభై బళ్లు బారుగా నిలబడ్డాయి. యంత్రం నా పుస్తకం చదవడం మొదలుపెట్టింది. నా తెలుగు స్వాహిలీలో, నా గొంతుతో, నా మూతి విరుపుతో సహా.

గడియారానికి నిద్రొచ్చే దగ్గర షెడ్డు అదిరిపోయేలా నవ్వారు. సౌము లేచి, ఆ నడకే ఇంకా నెమ్మదిగా నడిచి చూపించింది. చాందే పని లేక తిరుగుతాడన్న చోట చాందే చాలా సేపు నా వైపే చూశాడు. మీసం పందెం దగ్గరికి వచ్చేసరికి ఆపి, మళ్లీ చదవమని యంత్రాన్ని అడిగారు. రెండుసార్లు చదివించుకున్నారు.

ముప్పై రెండో రోజు దగ్గర నవ్వులు ఆగిపోయాయి. అమ్మమ్మ వేళ్ల దగ్గర సౌము తన చెయ్యి ఒళ్లోకి తీసుకుంది.

చదవడం అయ్యాక అధికారిణి కళ్లజోడు తుడుచుకున్నారు.

"అరవై రోజుల సగటు ఎనభై ఏడు పాయింట్ తొమ్మిది. ఈ లెక్కన నాలుగు గంటలు రద్దు. మీరు చెయ్యి పెట్టిన ఇరవై రోజులూ తీసేస్తే తొంభై ఐదు దాటుతుంది. తీసేయాలంటే కింద సంతకం కావాలి. సంతకం పెట్టకపోయినా తప్పేం లేదు, బాధలో రాసిన మాట అనుకుంటాం."

ఎవరూ నన్ను బతిమాలలేదు. బతిమాలితే బాగుండేది, కొంచెం బెట్టు చేసేవాణ్ణి. సౌము చాప మీంచే నెమ్మదిగా అడిగింది.

"ఫుండి, ఇల్లెలాగుంది?"

"బాగే" అన్నాను.

"ఒళ్లెలాగుంది?"

"బాగే."

మూడోది అడగలేదు. ఇది ఆవిడ అడిగేది కాదు, నేను చెప్పాల్సింది అని అర్థమైంది. కలం తీసుకున్నాను. సంతకం సరిగ్గా రాలేదు, కొట్టివేత కుదరదు కాబట్టి అలాగే ఉంచాను. బమ్మిడి ఢిల్లేశ్వరరావు. నాలుగు గంటల పనిరోజు శాశ్వతం. అధికారిణి నా లైసెన్సు తీసుకుని సంచీలో వేసుకున్నారు.

షెడ్డంతా కేకలు. చాందే బండి గోడకి జేరబడింది. ఎవరో నన్ను భుజాల మీదికి ఎత్తబోయి, బరువు చూసి మానుకున్నారు.

రోజు 61

ఇప్పుడు నేను ఎవరికీ కొలతగాణ్ణి కాను. పుస్తకంలో ఒక పేజీ మిగిలింది కదా అని రాస్తున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి నలభై మందీ కలిసి పడవని నీళ్లలోకి తోశారు. ఎడమకి ఒరిగింది. నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత నిలదొక్కుకుని, ఏమీ జరగనట్టు తేలింది. చాందే అప్పటికే కత్తి మీద సానరాయి ఆడిస్తున్నాడు. సగం మీసం పోయింది. ఏ సగమో ఓటు వేసి తేల్చుకున్నారు, కుడిది.

సౌము పడవెక్కి చెయ్యి చాపింది. కాలిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"రేపట్నుంచి నలభై ఒకటో పీట నీది. పొద్దున్న ఏడుకి రా. నీకూ ఓ బండిస్తాం, నీ ఎనకాల నిలబడి నేర్చుకుంటాది" అంది.

నా వెనకాల నిలబడి అది ఏం నేర్చుకుంటుందో తలుచుకుంటే భయమేసింది. గడియారం చాందేకిచ్చి పడవెక్కాను. ఒడ్డు దూరమైంది, షెడ్డు కిటికీ చిన్నదైపోయింది. సౌము తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఎండలో మెరుస్తున్న సముద్రాన్ని చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇల్లెలాగుంది?"

"బాగే."

"ఒళ్లెలాగుంది?"

"బాగే."

"సేతులేటంటన్నాయి?"

నా రెండు చేతులూ పడవ అంచుని పట్టుకుని వదలడం లేదు.

"భయమంటున్నాయి. నాకు ఈత రాదు. ఉద్యోగం పోయింది. ఈ సగం మీసంతో ఇంటికి ఫొటో ఎలా పంపాలో తెలియడం లేదు" అన్నాను. అనేశాక ఎందుకో ఒళ్లు తేలికైంది.

"అదిగో, ఇప్పుడు సెప్పినావు" అంది సౌము. "ఈత నాను నేర్పుతాను. మిగతా సగం ఒడ్డుకెళ్లేక గీయించుకుందువు గానీ, ముందు ఆ తెడ్డట్టుకో."

పట్టుకున్నాను.